కత్తెర మీట

పాల గిన్నె అడుగంటింది. నల్లగా అట్టకట్టిన దాన్ని పీచు పెట్టి బరబరా తోముతుంటే ముందు గదిలోంచి మొగుడి కేక వినపడింది.

"ఇదిగో, ఒకసారి ఇటు రా! ఇక మీ రాజ్యమే!"

ఆమె వెంటనే కదల్లేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ గదిలోంచి వచ్చిన కేకలన్నీ ఏదో ఒకటి పట్టుకురమ్మనేవే. మంచినీళ్ళు, తువ్వాలు, కళ్ళజోడు, ఫోను తీగ. ఏదైనా చూపించడానికి పిలవడం కొత్త. కొత్తదంటే ఆమెకు ముందు అనుమానమే. సబ్బు చేతులతోనే వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

టీవీలో ఒకటే హడావిడి. దేశంలోని పెద్ద పార్టీ ఒకటి, దేశాన్ని ఏలే పదవికి తన అభ్యర్థిగా ఒక స్త్రీని ఎంచుకుందట. రాత్రి నిర్ణయం, ఇవాళ మధ్యాహ్నం సభలో ప్రకటన. ఇంతకుముందు ఏ పార్టీ చేయని పని. చరిత్ర, చరిత్ర అని వార్తలు చదివే అమ్మాయి గొంతు చించుకుంటోంది. నెరిసిన జుట్టు, దళసరి కళ్ళజోడు ఉన్న ఒకావిడ కారు దిగి చెయ్యి ఊపుతున్న దృశ్యమే తిప్పి తిప్పి చూపిస్తున్నారు.

"చూశావా? ఇక మేమంతా వంటింట్లోకి, మీరంతా గద్దె మీదకి," అన్నాడు మొగుడు, తన మాటకు తనే నవ్వుకుంటూ. "అది సరే గానీ, ముందీ కప్పు తీసుకెళ్ళు."

అత్తగారు పడక్కుర్చీలోంచి కళ్ళు చికిలించి చూసింది. "ఆవిడకి మొగుడున్నాడా?"

"ఉన్నాడట అత్తయ్యా."

"పాపం," అంది అత్తగారు. ఎవరిని చూసి పాపం అందో మాత్రం చెప్పలేదు.

ఆమె కప్పు అందుకుంటూ మెల్లిగా మొదలుపెట్టింది. "ఆ సభ మా భవనంలోనేనండీ. మా గురువుగారు సెలవు పెట్టారు, మైకులన్నీ ఇవాళ నేనే చూసుకోవాలి. ఇది బాగా జరిగితే నన్ను—"

"సాయంత్రం వచ్చేటప్పుడు అమ్మ మందులు మర్చిపోకు," అన్నాడు మొగుడు, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

బల్ల దగ్గర కూర్చుని పాలు తాగుతున్న కూతురు తలెత్తింది. "అమ్మా, నిన్న మా బళ్ళో టీచరు నన్ను—"

"అబ్బబ్బ, వార్తలు విననివ్వరు కదా!"

పిల్ల నోరు మూసుకుంది. కోపం లేదు, చిన్నబుచ్చుకోవడం లేదు. కుళాయి కట్టేసినట్టు మూసుకుని, మిగిలిన మాటను పాలతో పాటు గుటకేసి, సంచీ సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆమె సబ్బు నీళ్ళు కారుతున్న చేతులతో అలాగే నిలబడిపోయింది. ఇంత చిన్న వయసులో ఇంత శుభ్రంగా నోరు మూసుకోవడం దీనికెవరు నేర్పారు? బళ్ళో నేర్పరు కదా. ఇంట్లో ఎవరిని చూసి నేర్చుకుంది? జవాబు తెలిసే అడుగుతున్నానని తనకే తెలిసి, ఒళ్ళు మండి, మళ్ళీ గిన్నె దగ్గరకు వెళ్ళింది.

ఆమెకు అనుమానం పుట్టుకతో రాలేదు, కాపురంతో వచ్చింది. ఎవరైనా కుర్చీ వేసి కూర్చోమంటే, ముందు వంగి దాని కాళ్ళు చూసుకునే రకంగా తయారైంది. ఎందుకు తయారవదూ? అత్తగారికి తుంటి ఎముక విరిగిన నాడు మొగుడు చుట్టాలందరి ముందూ "ఇక ఈ ఇంటికి నువ్వే పెద్ద" అని ప్రకటించాడు. అత్తగారు కన్నీళ్ళు పెట్టుకుని తాళాలగుత్తి చేతికిచ్చింది. ఆడబిడ్డ ముక్కు చీదుకుంది. తనకూ గుండె బరువెక్కిన మాట నిజం, అబద్ధమెందుకు. తెల్లారి చూస్తే పెద్దరికమంటే మంచం కింద పెట్టే బేసిను. పోనీలే, ముసలామె కదా అని ఎత్తింది, కడిగింది. కానీ ఆ మంచాన్ని కాస్త గాలి తగిలేలా కిటికీ వైపు జరుపుదామంటే, "అలా ఎలా కుదురుతుంది, అన్నయ్యని అడగాలి" అన్నాడు మొగుడు. ఇంటి పెద్ద మంచం జరపడానికి ఇంకో ఊళ్ళో ఉన్న బావగారి అనుమతి కావాలి. బావగారు ఆలోచించి చెప్తానన్నారు. అత్తగారు లేచి నడిచే దాకా ఆలోచిస్తూనే ఉన్నారు.

ఉద్యోగంలో మాత్రం తక్కువ తిన్నారా? భవనంలో తీగలన్నీ కుళ్ళిపోయాయని, కొత్తవి వేయకపోతే పరువు పోతుందని ఆమె, గురువుగారు మొత్తుకున్నంత కాలం మొత్తుకున్నారు. విదేశీ అతిథులు వచ్చే రోజున మేనేజరు పొద్దున్నే మైకులు నడిపే బూత్‌లోకి వచ్చి, "ఇవాళ్టికి నువ్వే ఇన్‌ఛార్జి అమ్మా" అని చల్లగా చెప్పి వెళ్ళాడు. ఆమె మురిసిపోయింది కూడా. అతిథి నోరు విప్పగానే స్పీకర్లు కుయ్యిమని కూశాయి. ఎవరు ఇన్‌ఛార్జి అని పైవాళ్ళు అడిగితే అందరి వేళ్ళూ ఆమె వైపే. మర్నాటి నుంచి మళ్ళీ సహాయకురాలే. ఆమెకంటే వెనక చేరిన మగపిల్లలు వేరే భవనాలకు చీఫ్‌లుగా వెళ్ళిపోయారు. ఆమె మాత్రం మెడలో హెడ్‌ఫోన్లతో ఆ అద్దాల గదిలోనే ఉండిపోయింది. అందుకే అక్కడ అందరూ ఆమెను హెడ్‌ఫోన్లమ్మ అంటారు. ముద్దుగానే అంటారు. ముద్దుకి జీతం పెరగదు కదా.

ఇప్పుడు గురువుగారు రిటైరవుతున్నారు. "ఈ సభ సాఫీగా జరిపించావంటే ఆయన కుర్చీ నీదే. ఈ భవనంలో మొట్టమొదటి ఆడ చీఫ్ ఆపరేటర్‌వి నువ్వే!" అన్నాడు మేనేజరు నిన్న. అతనూ చరిత్ర అనే అన్నాడు. పొద్దున మొగుడికి చెప్పబోయిన మాట అదే. చరిత్ర అనే మాట ఒక్క రోజు తేడాలో రెండు నోళ్ళ నుంచి వినేసరికి ఆమె అనుమానం ఇంకాస్త గట్టిపడింది. ఆ పార్టీ గెలిచే ఊపులో ఉన్నప్పుడల్లా దాని ముసలి అధ్యక్షుడే అభ్యర్థి. వరసగా ఓడిపోయి, సగం మంది పక్క పార్టీలోకి దూకేశాక, ఇవాళ హఠాత్తుగా వీళ్ళకి ఆడవాళ్ళు గుర్తొచ్చారా? ఈ కుర్చీకి ఏ కాలు విరిగిందో చూడాలి అనుకుంటూ బస్సెక్కింది.

సభ వెనకాల ఇరుకు మెట్లెక్కితే అద్దం బిగించిన బూత్. అక్కణ్ణుంచి వేదిక మొత్తం కనిపిస్తుంది. వేదిక మీద గుర్రపు లాడం ఆకారంలో పెద్ద బల్ల, ప్రతి కుర్చీ ముందూ ఒక మైకు. మైకు మెడ చుట్టూ ఎర్రటి దీపం వెలిగితే ఆ గొంతు సభకు వినపడుతున్నట్టు. ప్రతి కుర్చీకీ చెవిలో పెట్టుకునే చిన్న తీగ కూడా ఉంటుంది, అనువాదం వినడానికి. బూత్‌లోంచి ఏ కుర్చీ చెవిలోకైనా మాట పంపొచ్చు. అన్ని మైకులూ ఒకేలా ఉంటాయి, అధ్యక్షుడి మైకు తప్ప. దానికి పక్కన ఇంకో మీట ఉంటుంది. అది నొక్కితే చాలు, టింగుమని గంట మోగి, మిగతా మైకులన్నీ ఆరిపోతాయి. సభ అదుపు తప్పితే వాడుకొమ్మని పెట్టారు. భవనంలో అందరూ దాన్ని కత్తెర అంటారు.

కత్తెర గురించి ఆమెకు తెలిసిన ఒక సంగతి సభలో ఎవరికీ తెలియదు. అది సభకు వెళ్ళే దారినే కోస్తుంది, ఆపరేటరు చెవికి వచ్చే దారిని కోయదు. ఆరిపోయిన మైకు ముందు మనుషులు ఇంకా ఏం మాట్లాడుతున్నారో హెడ్‌ఫోన్లలో ఆమెకు వినపడుతూనే ఉంటుంది. మగవాళ్ళయితే ఆరగానే బల్ల గుద్దుతారు, లేచి అరుస్తారు. ఆడవాళ్ళు చాలా మంది అక్కడికక్కడే ఆపేస్తారు. కొందరు "సారీ" అంటారు. తెగ్గొట్టించుకుని సారీ చెప్పడం ఆమె చెవులారా ఎన్నిసార్లు విన్నదో!

ఈ అభ్యర్థిని కూడా ఆమె విన్నది. చాలా ఏళ్ళ కిందట, ఇక్కడే జరిగే ఆ పార్టీ సమావేశాల్లో బల్ల చివరి కుర్చీలో కూర్చునే రోజుల్లో, ఆవిడ ఆడపిల్లల బళ్ళలో మరుగుదొడ్లు లేవని మాట్లాడుతోంది. ఇదే అధ్యక్షుడు కత్తెర నొక్కి, "అమ్మా, మనం దేశం గురించి మాట్లాడుకుంటున్నాం, స్నానాల గది గురించి కాదు" అన్నాడు. సభంతా గొల్లున నవ్వింది. ఆవిడ మైకు ఆరిపోయింది. అయినా ఆవిడ ఆపలేదు. ఎవరికీ వినపడదని తెలిసీ, మొహంలో గీత చెదరకుండా, చెప్పదలచుకున్నదంతా చివరిదాకా చెప్పి, ఆఖర్న అంతే నెమ్మదిగా "నీ నోట్లో మన్ను పడ" అంది. బూత్‌లో ఆమె ఒక్కతే పగలబడి నవ్వింది. ఏంటమ్మాయ్ అంటే గురువుగారికి కూడా చెప్పలేదు. ఆ రోజంతా ఆ మాట జేబులో మిఠాయిలా దాచుకుని తిరిగింది.

అలాంటి మనిషిని వీళ్ళు ఎందుకు ఎంచుకున్నారు? లేక ఆ మనిషి అలాంటిది కాకుండా పోయిందా?

పార్టీ కార్యదర్శి తొందరగానే వచ్చాడు, వెంట మేనేజరు. "ఏమ్మా, మేడంగారి గొంతు టీవీలో కీచుగా వినిపిస్తుందని అందరూ అంటున్నారు. కొంచెం లావు చెయ్యి."

"ఆవిడ గొంతు కీచు కాదండీ. ఇన్నాళ్ళూ ఆ మధ్య మైకులో మాట్లాడింది అధ్యక్షుడుగారు. ఆయన మాట ముద్దముద్దగా ఉంటుందని సన్నటి శబ్దాన్ని బాగా పెంచి పెట్టాం. ఆ అమరిక మార్చకుండా ఎవరు మాట్లాడినా కీచుగానే ఉంటుంది."

"సరే సరే, ఏదో ఒకటి చెయ్యి. ఇంకో సంగతి. మేడం మధ్య కుర్చీలో కూర్చుంటారు, పూలూ గీలూ అన్నీ ఆవిడ ముందే. అధ్యక్షుడుగారు పక్క కుర్చీ. కానీ ఆ మీట ఉన్న మైకు మాత్రం అధ్యక్షుడుగారి ముందుకి జరుపు."

ఆమె తల ఎత్తి చూసింది. "కత్తెర ఆయనకా?"

"పెద్దాయనకి అలవాటు కదా. మర్యాద. విలేకరులు ఏదైనా తిరకాసు ప్రశ్న వేస్తే ఆయన సర్దుతారు. ఆవిడ కొత్త."

కొత్త! ముప్పావు జీవితం ఆ బల్ల దగ్గరే గడిపిన మనిషి కొత్త. అదీ సంగతి అనుకుంది. విరిగిన కాలు కనపడింది. కుర్చీ ఆవిడకి, కత్తెర ఆయనకి. తాళాలగుత్తి నాకు, మంచం బావగారికి. ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏమీ లేదు. మేనేజరు కార్యదర్శి వెనకనుంచి ఆమెకు కళ్ళతోనే చెప్పాడు, తలూపమని. ఆమె తలూపింది.

మైకు జరుపుతుండగా అభ్యర్థి వచ్చింది. వెంట వచ్చినవాళ్ళను బయటే ఆపి, ఖాళీ సభలో ఒక్కతే మధ్య కుర్చీలో కూర్చుంది. టీవీలో కంటే పొట్టిగా ఉంది, అలసిపోయి ఉంది. ఆమె బూత్‌లోకి పరుగెత్తి, ఆవిడ చెవి తీగలోకి చెప్పింది. "ఏదైనా మాట్లాడుతూ ఉండండి మేడం, గొంతు సరిచూస్తాను."

"ఏం మాట్లాడమంటావ్? మధ్యలో ఎవరో ఒకరు ఆపితే గానీ నాకు మాట తోచదు," అంది అభ్యర్థి. ఖాళీ సభలో ఆ గొంతు నిండుగా, నిమ్మళంగా పాకింది. కీచు లేదు, గీచు లేదు. అభ్యర్థి పక్క మైకు వైపు వంగి, మీటను వేలితో తాకింది. "కత్తెర ఆయన దగ్గరే పెట్టారన్నమాట."

ఆమెకు నాలుక దురద ఆగలేదు. "ఆ రోజు మరుగుదొడ్ల గురించి మీరు చెప్పింది నేను మొత్తం విన్నాను మేడం. మైకు ఆపేశాక కూడా."

అభ్యర్థి బూత్ వైపు చూసింది. "మొత్తమా?"

"ఆఖరి మాటతో సహా."

అభ్యర్థి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నవ్వు. ఆ నవ్వు సభలో స్పీకర్లన్నిటిలోంచీ ఒక్కసారి వచ్చింది. "అయ్యో రామా! ఎవరికీ వినపడలేదనుకుని ఇన్నాళ్ళూ హాయిగా ఉన్నాను కదే తల్లీ."

ఆ 'తల్లీ'తో ఆమెకు ధైర్యం వచ్చింది. "మేడం, మీరు ఊఁ అంటే ఆ మైకు మీ ముందుకి మార్చేస్తాను. రెండూ పక్కపక్కనే, ఎవరూ గమనించరు."

అభ్యర్థి మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు వేరే ఎక్కడికో వెళ్ళాయి. "వద్దులే. ఉండనీ. ఇవాళ గొడవ వద్దు. ముందు గెలవనీ," అంది. "ఈ చెవి తీగ మాత్రం పెట్టుకునే ఉంటాను. ఎవరో ఒకరు వింటున్నారని తెలుస్తుంటుంది." లేచి వెళ్ళిపోయింది.

ఆమెకు నీరసం వచ్చింది. ఇంతేనా? నోట్లో మన్ను పడ అన్న మనిషి ఇంతకి దిగిందా? కానీ తిట్టుకోబోయి ఆగింది. ముందు గెలవనీ. ఈ 'ముందు' ఆమెకు కొత్తదా ఏంటి? ముందు పిల్ల పుట్టనీ, ముందు అత్తయ్య లేచి తిరగనీ, ముందు ఆ కుర్చీ రానీ, అప్పుడు చెప్తాను. అప్పుడు అడుగుతాను. అలా దాచిపెట్టిన మాటలు ఎన్ని పాసిపోయాయో లెక్కే లేదు. ఇదే మాట చెప్పుకుంటూ పొద్దున కప్పు తీసుకుని వంటింట్లోకి నడిచింది. అది చూస్తూనే పెరిగి, పాలు తాగుతూ నోరు మూసుకోవడం నేర్చుకుంది ఆ పిల్ల.

ఆవిడ వద్దంది నిజమే. మైకు మార్చడం ఆవిడ ఇష్టం మీద ఉంది. కత్తెర అసలు పనిచేయాలా వద్దా అన్నది బూత్‌లో ఉన్న మనిషి వేలి కింద ఉంది. ఎదురుగా ఉన్న కంప్యూటరు తెరమీద ఒక చిన్న టిక్కు గుర్తు తీసేస్తే, వేదిక మీద ఆ మీట ఎంత నొక్కినా గంట మోగదు, ఏ మైకూ ఆరదు. ఎవరికీ కత్తెర ఉండదు. అభ్యర్థికీ ఉండదు. అదీ మంచిదే అనిపించింది. గద్దె ఎక్కాక ఆవిడ మాత్రం ఎవరి మాట కోస్తుందో ఎవరు చూశారు? గురువుగారి కుర్చీ పక్కనే ఖాళీగా ఉంది, మెత్తటిది, తిరిగేది. ఇన్నేళ్ళూ ఆమె ముక్కాలి పీట మీదే కూర్చుంది. కుర్చీ వంక ఒకసారి చూసి, గుర్తు తీసేసింది.

సభ నిండిపోయింది. ప్రకటన, చప్పట్లు, పూలు. ఆడవాళ్ళు లేచి నిలబడి ఏడుస్తున్నారు. అధ్యక్షుడు మాట్లాడినంత సేపూ చెప్పిందొకటే, ఈ మహత్తర నిర్ణయం తనది అని. అభ్యర్థి రాసుకొచ్చింది చదివింది. చప్పగా ఉంది. ఆమె హెడ్‌ఫోన్లలో వింటూ, దీనికోసమా నా ఉద్యోగం పణంగా పెట్టాను అనుకుంది. అప్పుడు ప్రశ్నలు మొదలయ్యాయి. వెనక వరసలోంచి ఒక విలేకరి లేచాడు. "మీరు గెలిస్తే అసలు నిర్ణయాలు ఎవరివి మేడం? మీవా, పార్టీ పెద్దలవా?"

అభ్యర్థి కాగితాలు పక్కన పెట్టింది. "నిర్ణయాలు నావి. మంత్రుల్ని ఎంచేది కూడా—"

అధ్యక్షుడి వేలు మీట మీదకు వెళ్ళడం బూత్‌లోంచి స్పష్టంగా కనిపించింది. "మా అమ్మాయి కొంచెం తొందర మనిషి," అన్నాడు నవ్వుతూ. సభలో నవ్వులు మొదలయ్యాయి. గంట మోగలేదు, అభ్యర్థి మైకు చుట్టూ దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంది.

కానీ అభ్యర్థి ఆగిపోయింది.

ఆమె అద్దానికి మొహం ఆనించి చూసింది. ఆవిడ పెదాలు కదలడం లేదు. మైకు తెగలేదు, మాట తెగింది. ఆయన వేలు కదలడం చూడగానే, గంట కోసం కూడా ఎదురుచూడకుండా, నోరు దానంతటదే మూసుకుంది. మైకు ఆరినా మాట్లాడిన మనిషి, మైకు వెలుగుతుండగా ఊరుకుంది. పొద్దున పాల గ్లాసు దగ్గర చూసిన మొహమే అది, తల నెరిసింది, అంతే తేడా. అధ్యక్షుడు చెప్పుకుపోతున్నాడు, అనుభవజ్ఞుల సలహా, సమష్టి నాయకత్వం అంటూ.

ఆమె చెవి తీగ బటన్ నొక్కింది. "మేడం, మీ మైకు ఆరలేదు. దీపం చూడండి. కత్తెర తీసేశాను. మీరు చెప్పేది పూర్తి చెయ్యండి."

అభ్యర్థి కళ్ళు కిందకి వాలాయి, ఎర్ర దీపం మీదకి. తర్వాత ముందుకు వంగి, అధ్యక్షుడు ఇంకా మాట్లాడుతుండగానే, ఆయన మాట మీదుగా, "—కూడా నేనే," అంది.

రెండు గొంతులు ఒకేసారి సభలో వినపడ్డాయి. అధ్యక్షుడు తడబడ్డాడు. మీట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. టిక్కు టిక్కుమని ఆ చప్పుడు స్పీకర్లలో వినపడింది. ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత సభంతా నవ్వింది. ఈసారి నవ్వు అటు తిరిగింది. అభ్యర్థి మాత్రం నవ్వలేదు. మంత్రుల గురించి, బళ్ళ గురించి, చెప్పదలచుకున్నది నెమ్మదిగా చెప్పుకుపోయింది.

సభ ముగిసిందో లేదో కార్యదర్శి బూత్‌లోకి దూసుకొచ్చాడు. "ఎవడ్రా... ఎవరు చేశారిది?" మేనేజరు అతన్ని చెయ్యి పట్టుకుని బయటకు పంపి, తలుపు మూసి, ఆమె ముందు కూలబడ్డాడు. "నా పీకల మీదకి తెచ్చావు కదమ్మా! సరే, అయిందేదో అయింది. పాత యంత్రం, మొరాయించింది అని చెప్పేద్దాం. సాంకేతిక లోపం. రేపు పొద్దున పైవాళ్ళు పిలిచి అడిగితే నువ్వు ఊఁ అను, చాలు. లోపమైతే ఎవరి తప్పూ కాదు. కుర్చీ ఎక్కడికీ పోదు." ఆమె ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. హెడ్‌ఫోన్లు మేకుకి తగిలించి, మందులు కొనుక్కుని ఇంటికి వచ్చింది.

భోజనాల వేళకి టీవీలో అదే. అధ్యక్షుడు మీట నొక్కుతున్న దృశ్యం పదే పదే వేస్తున్నారు. మొగుడు పగలబడి నవ్వుతున్నాడు. "చూడు, చూడు, పాపం ముసలాయన! మీ భవనంలో ఎవడో బాగా పప్పులో కాలేశాడు."

తర్వాత అభ్యర్థి కనిపించింది, మెట్ల మీద, విలేకరుల మధ్య. మైకు సంగతి అడిగారు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, చిన్నగా నవ్వి, "ఏదో సాంకేతిక లోపం. పెద్దాయనంటే నాకు ఎప్పుడూ గౌరవమే," అంది.

ఆమె చేతిలో గరిటె ఆగింది. తెలివా, భయమా? నన్ను కాపాడిందా, తనను కాపాడుకుందా? ఎంత చూసినా ఆ మొహంలో జవాబు దొరకలేదు. ఆవిడ గెలుస్తుందో లేదో, గెలిచి ఎలాంటిదవుతుందో ఆమెకు తెలియదు, నమ్మకం అంతకన్నా లేదు. కానీ ఒక్కటి మాత్రం తెలిసింది. అది లోపమని రేపు తను కూడా ఊఁ అంటే, ఆ 'నేనే' అన్న మాట పొరపాటున వినపడినట్టవుతుంది. యంత్రం పాడైతే తప్ప ఒక ఆడదాని మాట పూర్తవదు అన్నట్టవుతుంది. దానికి సాక్ష్యం తనే చెప్పాలా? కుర్చీ కోసమా?

"అది లోపం కాదు," అంది ఆమె.

"ఏంటి?"

"యంత్రం పాడవలేదు. నేనే తీశాను. రేపు పొద్దున మా పైవాళ్ళకి అదే చెప్తాను. నన్ను చీఫ్‌ని చేస్తామన్నారు, పొద్దున మీకు చెప్పబోయింది అదే. ఇక చెయ్యరు. అసలు ఉద్యోగమే—"

"నీకేమైనా మతి పోయిందా? అసలు ఎవరినడిగి—"

"—ఉద్యోగమే పోవచ్చు," అంది ఆమె, గొంతు పెంచకుండా, అతని మాట మీదుగానే. "ఇంకా అవలేదు. నేను చెప్పేది అయ్యాక మీరు మాట్లాడండి."

అతను నోరు తెరిచాడు. అలాగే ఉంచాడు. అత్తగారు మందు చీటీ మడతపెట్టడం ఆపి కోడలి వంక చూసింది, పొద్దున టీవీ వంక చూసినట్టు కళ్ళు చికిలించి. ఈసారి పాపం అనలేదు. "ఆ టీవీ కాస్త ఆపరా," అంది కొడుకుతో. అతను ఆపాడు.

ఆమె అంతా చెప్పింది. కత్తెర, అధ్యక్షుడి వేలు, వెలుగుతున్న దీపం ముందు మూసుకుపోయిన నోరు. అప్పుడు కూతురి వైపు తిరిగింది.

"పొద్దున నువ్వు ఏదో చెప్పబోయావు. బళ్ళో టీచరు నిన్ను ఏమంది?"

పిల్ల చేతిలో ముద్ద అలాగే ఆగింది. నోరు తెరవబోతూ, అలవాటు కొద్దీ, తండ్రి మొహం వైపు చూసింది.

"అటు కాదు," అంది ఆమె. "ఇటు చూసి చెప్పు."